గోడ కొలతకు సరిపోయిన మహనీయుడు

ఒక్క వాక్యం కోసం ఒక ప్రభుత్వ శాఖ పుట్టిందంటే పరాయి దేశాలవాళ్ళు నమ్మరు. మనవాళ్ళు నమ్ముతారు, పైగా అందులో ఖాళీలెన్ని ఉన్నాయని అడుగుతారు.

ఆ వాక్యం ఇది: "పైకెక్కినవాడు నిచ్చెన పట్టుకున్నవాణ్ణి మరవరాదు." జిల్లాలో సగం బడి గోడల మీద నీలిరంగు అక్షరాల్లో కనిపిస్తుంది. జులై నెలలో ఒక పెద్ద సభలో మంత్రిగారు ఈ మాట చెప్పి, "అని గ్రీకు తత్వవేత్త కీనో ఏనాడో అన్నాడు" అంటూ చప్పట్ల కోసం ఆగారు. చప్పట్లకు బదులు వెనక వరసలోంచి ఒకాయన లేచాడు.

"కాదండీ! అది హెన్రీ వాల్‌స్టన్ అన్నది. మా ఊరి బళ్ళో రాసుంది."

"వాల్‌స్టనెవడయ్యా మధ్యలో? స్వామి విశుద్ధబోధానంద సరస్వతీ మహరాజ్ గారి మాటది. మా హైస్కూలు ప్రహరీ మీదుంది, వచ్చి చూసుకో!" అని ఇంకో మూల నుంచి కేక.

కుర్చీలు గాల్లోకి లేచాయి. కీనో వర్గం, వాల్‌స్టన్ వర్గం, స్వామివారి వర్గం అని సభ మూడుగా చీలింది. మంత్రిగారు శాలువాతో సహా వేదిక వెనక నుంచి దిగి వెళ్ళిపోయారు. పక్షం తిరక్కముందే జీవో వచ్చింది. సూక్తి మూల నిర్ధారణ సంచాలకాలయం ఏర్పాటైంది. ఏ సూక్తి ఎవరి నోట పుట్టిందో తేల్చి ధ్రువపత్రం ఇవ్వడం దాని పని. మంత్రిగారి పరువు తీసిన వాక్యానికి 'సూక్తి సంఖ్య ఒకటి' అని పేరు పెట్టి, ఫైలు తెరిచి, దానికి ఎర్రటి నాడా కట్టారు.

డైరెక్టరుగా డాక్టర్ గుండిమెడ వేంకట సూర్య సత్య వరప్రసాదరావు, ఎం.ఎ., ఎం.ఫిల్., పిహెచ్.డి. గారు వచ్చారు. ఆయన పేరు పూర్తిగా రాయాలని ఆయనే చెప్పారు కాబట్టి రాశాను. ఆయన కింద సూపరింటెండెంటు కోటిలింగం. చంకలో నిబంధనల పుస్తకం లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. వీళ్ళిద్దరూ కూర్చున్నాక పని చేయడానికి కూడా ఒకరుండాలని గుర్తొచ్చి, పుల్లలపాడు హైస్కూల్లో తెలుగు చెప్పుకునే ఝాన్సీలక్ష్మి టీచరును డెప్యుటేషన్ మీద లాక్కొచ్చారు.

"ఎన్నాళ్ళు సార్?" అని మొదటి రోజే అడిగింది ఝాన్సీలక్ష్మి.

"సూక్తి సంఖ్య ఒకటి ఫైలు మూతపడు వరకు," అన్నారు డైరెక్టరు గారు. "మూలము తేలవలెను. తేలిన మరుక్షణం మీకు విడుదల ఉత్తర్వు."

బళ్ళో పదో తరగతి పిల్లలు నలభై ఒక్కరున్నారు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆవిడ స్థానంలో తెలుగు చెప్పమని డ్రిల్లు మాస్టారు ఏలియాకు అప్పగించారు. ఏలియా మంచివాడే, ఆ మంచితనానికి వాలీబాల్ చాలు, ఛందస్సు కూడా ఎందుకు? నెల తిరిగేసరికి ఫోను చేశాడు.

"టీచర్, గణాలు వచ్చేసినయ్ పిల్లకాయలకి. లఘువుకి పొట్టి ఈల, గురువుకి పొడుగీల. యగణమంటే ఒక పొట్టీల, రెండు పొడుగీలలు. ఈలేస్తే చాలు, గడగడా చెప్పేత్తన్నారు."

"పరీక్ష హాల్లో ఈల ఎవరేస్తారు మాస్టారూ?"

"అది ఆలోచించలేదు టీచర్," అన్నాడు ఏలియా.

ఆ రాత్రి ఆవిడ ఫైలు త్వరగా మూయించి తీరాలని మనసులో ఒట్టు పెట్టుకుంది. అయితే ఆవిడ తొందర సంచాలకాలయానికి లేదు. జాయింట్ డైరెక్టరు ఒకాయన కీనో జాడ వెతకడానికి పది రోజులు గ్రీసు వెళ్ళొచ్చి, అరవై పేజీల నివేదిక ఇచ్చారు. సారాంశం ఏమిటంటే, "గ్రీసు దేశమునందు నిచ్చెనలు కలవని క్షేత్రస్థాయిలో నిర్ధారించడమైనది." ఇంకొకాయన స్వామివారి కోసం హిమాలయాలకు వెళ్ళి అక్కడి నుంచి సెలవు పొడిగించమని అర్జీ పంపారు. వాల్‌స్టన్ గారి కోసం విదేశీ రాయబార కార్యాలయానికి ఉత్తరం రాస్తే, "ఈ పేరుతో మా దగ్గర ఒక బిస్కట్ల వ్యాపారి ఉన్నాడు, ఆయనకు నిచ్చెనలంటే భయం" అని మర్యాదగా జవాబొచ్చింది.

ఈలోగా మధ్యంతర ఉత్తర్వు ఒకటి వెలువడింది. మూలం తేలేవరకు ప్రభుత్వ గోడల మీద ఉన్న ప్రతి హితవాక్యానికీ గుడ్డ కప్పాలి. ఆస్పత్రిలో "ఇచ్చట ఉమ్మివేయరాదు" మీద కూడా కప్పారు, ఆ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు కదా! కప్పిన రోజు నుంచి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ గుడ్డ మీదే ఉమ్మసాగారు. బస్సుల్లో "టికెట్టు లేని ప్రయాణం నేరం" అన్నదానికి ముసుగు పడేసరికి, "ఎవరన్నారు నేరమని? రుజువు చూపించు" అని కండక్టర్ల మీదకు వెళ్ళారు ప్రయాణికులు.

ఆ పైన సామెతల మీద పడ్డారు. సామెతలు పెద్దలు చెప్పినవి గనక, ఆ పెద్దల పేర్లు, చిరునామాలు పంపమని అన్ని పంచాయతీలకూ తాఖీదు వెళ్ళింది. ప్రతి ఊరి నుంచీ సర్పంచి మావగారి పేరు వచ్చింది. జిల్లాలో సర్పంచుల మావలు ఆరువందల నలుగురు, వాళ్ళలో మూడువందల మంది "ఆలస్యం అమృతం విషం" తామే అన్నామని సంతకాలు పెట్టారు. వాళ్ళ అర్జీలు మాత్రం గడువు దాటి అందాయి.

ఝాన్సీలక్ష్మి ఇవేవీ పట్టించుకోలేదు. సంచీలో ఒక నోటుబుక్కు, సీసాతో మంచినీళ్ళు వేసుకుని పల్లెవెలుగు బస్సుల్లో ఊరూరూ తిరిగింది. ఏ బళ్ళో సూక్తి సంఖ్య ఒకటి ఉందంటే అక్కడ దిగడం, గుడ్డ ఎత్తి చూడడం, రాసుకోవడం. కార్యాలయం ఫోటోలు ఎప్పుడో తెప్పించుకుంది గానీ, ఫారం మూడులో సూక్తికి ఒక గడి, మహనీయుడికి ఒక గడి మాత్రమే ఉన్నందువల్ల మిగతా గోడను కత్తిరించి పంపారు. ఆవిడ గోడ మొత్తం చూసింది.

ముప్పై ఏడో గోడ దగ్గర ఆవిడ నోటుబుక్కు మొదటి నుంచి తిరగేసింది. ఊరు మారినప్పుడల్లా మహనీయుడు మారుతున్నాడు. ఒక్క పేరు మాత్రం ఏ ఊళ్ళోనూ మారలేదు. అది గోడ అడుగున, కుడిచేతి మూల, చిన్న అక్షరాల్లో ఉంది: "బాజీ ఆర్ట్స్, అద్దంకి."

మర్నాడు అద్దంకి బస్టాండు వెనక సందులో ఆ కొట్టు వెతికి పట్టుకుంది. ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాతకు గిరాకీ పోయింది. కొట్లో ఎండిపోయిన రంగు డబ్బాలు, గోడకు ఒక వెదురు నిచ్చెన, ఒక స్టూలు, దాని మీద అరవయ్యేళ్ళ షేక్ బాజీ. ఆయన భార్య ఖాసింబీ ఒక పక్కన స్టవ్ మీద టీ కాస్తోంది.

"పుల్లలపాడు బడి స్తంభం మీద కీనో అని రాశారు గదా, కీనో ఎవరండీ?" అని అడిగింది ఝాన్సీలక్ష్మి.

"నాకేం తెలుసు టీచరమ్మా? అది సన్న స్తంభం. ఎనిమిదిన్నర అంగుళాలు. రెండక్షరాలకన్నా పట్టదు."

"మరి ప్రహరీల మీద స్వామివారు?"

"ఇరవై అడుగుల గోడకి కీనో అని రాత్తే వెలితిగా ఉండదూ? స్వామివారి పేరైతే ఈ చివర్నుంచి ఆ చివరికి నిండుగా కూసుంటది. తలుపు మీద జాగాకి వాల్‌స్టను. అంతా జాగాని బట్టే."

ఝాన్సీలక్ష్మి నోటుబుక్కు తెరిచింది. "అసలు పేరెందుకు పెట్టారు?"

"మొదటిసారి రాసినప్పుడు హెడ్‌మాస్టరు గారు నాలుగు సూక్తులే ఇచ్చి, స్తంభాలు ఐదు చూపిచ్చారు. ఐదో దాని మీద నేనే ఏదో రాశా. 'బాగుంది, ఎవరన్నారిది? పేరు లేకపోతే ఇన్‌స్పెక్షన్‌లో అడుగుతారు' అన్నారు. ఎవరో ఒకరి పేరు పెట్టా."

"అంటే ఆ మాట మీదేనన్నమాట!"

"నాదే," అన్నాడు బాజీ, కాస్త ఛాతీ పొంగించి.

ఖాసింబీ టీ గ్లాసు ఆయన ముందు రంగు డబ్బా మీద టక్కుమని పెట్టింది. టీ తొణికి కింద పడింది. ఝాన్సీలక్ష్మి చూసింది గానీ, సంతోషంలో ఉన్న మనిషికి అలాంటివి కనపడవు. ఫైలు మూతపడింది, మూలం దొరికింది, పిల్లల దగ్గరికి పోవచ్చు. ఆవిడకు అంతకుమించి ఏమీ వినపడలేదు.

జనవరి చివర్లో బాజీని సంచాలకాలయానికి విచారణకు పిలిచారు. ఖాసింబీ కూడా వచ్చి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుంది. డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"సదరు సూక్తిని మీరే ఉచ్చరించితిరా?"

"లేదు సార్, రాశాను."

"రాయుటకు పూర్వము ఎవరో ఒకరు ఉచ్చరించి ఉండవలెను గదా?"

బాజీ తల గోక్కున్నాడు. "అది మా ఇంటిది అన్నది సార్. నేను పైన రాత్తన్నా, ఆమె కింద ఎండలో నిచ్చెన పట్టుకోనుంది. 'పైకెక్కినాక నీకు నేను గుర్తుంటానా? పట్టుకున్న మనిషి ఎండిపోతన్నా నీకు పట్టదు' అని తిట్టింది. దాన్నే కొంచెం బాగుచేసి రాశా."

"గృహ సంభాషణలు ఈ శాఖ పరిధిలోకి రావు," అని కొట్టిపారేశారు డైరెక్టరు గారు. "కోటిలింగం, ఇతను మహనీయుడేనా? నియమం నాలుగు చదువుము."

కోటిలింగం పుస్తకం తెరిచాడు. "మహనీయుడనగా, ఒకటి: మరణించి యుండవలెను. రెండు: కనీసం ఒక కూడలియందైనను విగ్రహము కలిగి యుండవలెను. మూడు: సదరు విగ్రహమునకు ఏటా రెండు మారులు దండ పడవలెను."

"విగ్రహము శాఖ తరఫున పెట్టించవచ్చును," అన్నారు డైరెక్టరు గారు ఆలోచిస్తూ. "దండకు టెండరు పిలువవచ్చును. మొదటి షరతు ఒక్కటే అడ్డు. బాజీ గారూ, తమ వర్ధంతి సుమారుగా ఏ నెలలో ఉండవచ్చును?"

"ఏంది సార్?"

"ఖచ్చితమైన తేదీ అవసరము లేదు. తాత్కాలిక తేదీ ఇచ్చిననూ చాలును, తరువాత సవరించుకొనవచ్చును."

బాజీ లేచి నిలబడ్డాడు. "నాకేం తొందర లేద్సార్. ఆ పేరేదో గోడని బట్టి మీరే చూసుకోండి. నేనట్టాగే చేశా, ముప్పయ్యేళ్ళనుంచి ఒక్క గోడా తప్పు పోలేదు."

డైరెక్టరు గారి ముఖం వెలిగింది. ఆరు నెలల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఆయన చెవిన పడింది. పేరుకు ప్రమాణం చరిత్ర కాదు, గోడ. చరిత్ర మనుషుల నోళ్ళలో మారుతూ ఉంటుంది. గోడ మాత్రం కదలదు, టేపుతో కొలవచ్చు, ఆడిట్‌వాళ్ళకు చూపించవచ్చు.

వారం తిరక్కముందే 'గోడ-నామ సమన్వయ పట్టిక' జీవోగా అచ్చయింది. తొమ్మిది అంగుళాల లోపు జాగాకు రెండక్షరాల పేరు, పన్నెండు అంగుళాలకు మూడక్షరాలు, అలా పెరుగుతూ పోయి ముప్పై అడుగులు దాటితే బిరుదులు, పట్టాలతో సహా. పట్టిక ప్రకారం కొలత సరిపోయిన పేరు ఏదైనా సరే, ఆ సూక్తికి ఆయనే చట్టబద్ధమైన మూలపురుషుడు. "దీనిపై ఎట్టి అభ్యంతరములు స్వీకరింపబడవు" అని చివర్లో ఉంది. జిల్లా అంతటా గుడ్డలు తీసేశారు. ఉమ్మినవాళ్ళు ఉమ్ముతూనే ఉన్నారు, అది వేరే శాఖ చూసుకోవాలి.

ఇక మిగిలింది సంచాలకాలయం కొత్త భవనానికి ప్రారంభోత్సవం. మంత్రిగారు వస్తున్నారు. ముఖద్వారం పక్కన ముప్పై రెండడుగుల నున్నని గోడ. దాని మీద సూక్తి సంఖ్య ఒకటి రాయాలి. రాయడానికి బాజీనే పిలిచారు, అంత పెద్ద అక్షరాలు చేత్తో రాయగలవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు గనక.

వాక్యం రాయడం అయింది. కింద పేరు దగ్గర కుంచె ఆగింది. బాజీ నిచ్చెన దిగి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులతో కొలిచాడు.

"స్వామివారి పేరు పడతదా?" అన్నాడు కోటిలింగం.

"సగానికే అయిపోతది సార్. ఈ గోడకి సరిపడే పేరు నేనింతవరకు ఎక్కడా రాయలా."

అందరూ కాసేపు గోడ వంక చూశారు. తర్వాత అందరూ డైరెక్టరు గారి తలుపు మీద ఉన్న నామఫలకం వంక చూశారు. డాక్టర్ గుండిమెడ వేంకట సూర్య సత్య వరప్రసాదరావు, ఎం.ఎ., ఎం.ఫిల్., పిహెచ్.డి. కోటిలింగం వేళ్ళ మీద లెక్క పెట్టాడు. అక్షరం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

"నాకు సుతరామూ ఇష్టము లేదు," అన్నారు డైరెక్టరు గారు. "కానీ నిబంధన నిబంధనే."

ఝాన్సీలక్ష్మి ముందుకొచ్చింది. పైకెక్కినవాడు నిచ్చెన పట్టుకున్నవాణ్ణి మరవరాదని రాసి, దాని కింద ఈయన పేరా! "సార్, ఇది ఆ పెయింటరు మాటని మన ఫైల్లోనే ఉంది," అంది.

"ఉన్నదమ్మా, ఫైలు నేడే మూతపడుచున్నది గదా," అంటూ ఆయన ఒక కాగితం అందించారు. విడుదల ఉత్తర్వు. ఆవిడ చేతులు దాన్ని పట్టుకున్నాయి. నలభై ఒక్కమంది పిల్లలు కళ్ళ ముందు కదిలారు, పొట్టీల, పొడుగీల వినిపించాయి. సంతకం పెట్టి కాగితం తీసుకుంది. బయటికొచ్చి బాజీ ముఖం చూడలేక, "మా బళ్ళో స్తంభం రంగు వెలిసిపోయింది. ఈ ఆదివారం వస్తారా?" అని మాత్రం అడిగింది.

"జాగా తెలిసిందేగా టీచరమ్మా," అన్నాడు బాజీ.

పరీక్షలకు ఇరవై మూడు రోజులున్నాయి. ఆదివారమైనా పిల్లలందరూ బడికొచ్చారు. లోపల ఏలియా మాస్టారు ఈల జేబులో పెట్టుకుని, వెనక బెంచీలో కూర్చుని, గణాలు తనూ నేర్చుకుంటున్నాడు. బయట వరండాలో బాజీ నిచ్చెనెక్కి స్తంభానికి నీలిరంగు వేస్తున్నాడు. ఖాసింబీ కింద నిచ్చెన పట్టుకుంది. కీనో పోయాడు. ఆ చోట 'బాజీ' అని పడుతోంది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు జీపు ఆగింది. కోటిలింగం చంకలో పుస్తకంతో దిగాడు. పనిమీద పోతూ దారిలో తనిఖీ చేస్తున్నాడు.

"టీచరు గారూ! ఇది డైరెక్టరు గారి సూక్తి. వేరొకరికి ఆపాదించుట నేరము. ఈ బాజీ ఇంకను మరణించనే లేదు, మహనీయుడెట్లయ్యెను?"

"పట్టిక తీయండి సార్," అంది ఝాన్సీలక్ష్మి నిదానంగా. "కొలవండి."

కోటిలింగం టేపు తీసి స్తంభం కొలిచాడు. ఎనిమిదిన్నర. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఎనిమిదిన్నరే. పట్టిక చూశాడు. తొమ్మిదంగుళాల లోపు, రెండక్షరాలు.

"డైరెక్టరు గారి పేరు ఇక్కడ పట్టించగలిగితే మాకేం అభ్యంతరం లేదు," అంది ఆవిడ.

ఆయన స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. నిట్టూర్చి, పుస్తకం మీదే కాగితం పెట్టి, "కొలతలు సరిపోయినవి, బాజీయే మూలపురుషుడని ధ్రువీకరించడమైనది" అని రాసి, ముద్ర గుద్ది వెళ్ళిపోయాడు. జీపు మలుపు తిరగ్గానే ఝాన్సీలక్ష్మి గట్టిగా నవ్వేసింది. కిటికీలో నలభై ఒక్క తలకాయలు కూడా నవ్వాయి.

"చదవండి టీచరమ్మా," అంది ఖాసింబీ. ఆమెకు చదువు రాదు.

"పైకెక్కినవాడు నిచ్చెన పట్టుకున్నవాణ్ణి మరవరాదు."

"కిందేం రాశాడు?"

"బాజీ."

ఖాసింబీ నిచ్చెన వదిలేసి చేతులు దులుపుకుంది. "నిచ్చెన పట్టుకుందెవరు? ఆ మాటన్నదెవరు?"

ఝాన్సీలక్ష్మి నవ్వడం మానేసింది. ఏడు నెలలు ఊళ్ళన్నీ తిరిగి మూలం వెతికింది. మూలం అద్దంకిలో ఎదురుగా నిలబడి టీ ఇచ్చింది. విచారణలో బాజీ నోరు తెరిచి చెప్పాడు కూడా. ఆ డైరెక్టరు వినలేదు సరే, తనెందుకు వినలేదు? తనకూ ఫైలు మూతపడడమే కావాలి. ఆవిడకు నిజంగా సిగ్గేసింది.

నిచ్చెన మీద బాజీ ఎటూ కదల్లేక, కుంచె పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా కిందికి చూస్తున్నాడు. "జాగా లేదే ఖాసీం," అన్నాడు మెల్లగా.

"స్తంభానికి ఒకటే పక్కుంటదా?"

బాజీ దిగొచ్చి, జేబులోంచి టేపు తీసి స్తంభం పక్కవైపు కొలిచాడు. పన్నెండు అంగుళాలు.

"ఖాసింబీ. మూడక్షరాలు. పడతది," అన్నాడు.

"పట్టికలో కూడా ఉంది," అంది ఝాన్సీలక్ష్మి.

నిచ్చెన ఆ పక్కకు మార్చారు. వాక్యం మళ్ళీ మొదటి నుంచి రాయాలి. ఖాసింబీ వరండా మెట్టు మీద కూర్చుని, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి, ఆయన పని చేస్తుండగా తను టీ తాగింది. నిచ్చెన ఊగుతోంది. ఝాన్సీలక్ష్మి చాక్‌పీసు చేతులు చీరకు తుడుచుకుని, వెళ్ళి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఆ పట్టుకున్న ఆమె ఎవరో చూసుకో," అని మెట్టు మీద నుంచి కేకేసింది ఖాసింబీ. "మళ్ళీ మర్చిపోయేవు!"

బాజీ పై నుంచి టీచరును ఎగాదిగా చూసి, పెదవులతో లెక్క పెట్టుకున్నాడు.

"ఝాన్సీలక్ష్మి, నాలుగక్షరాలు," అన్నాడు. "ఇంకో స్తంభం చూడాల."